సారథి వేతనం

వేతనం మాట ఎత్తడం మనవారిలో ఇప్పటికీ ఒక విధమైన నామోషీ. పెండ్లిచూపుల నాడు ఎదుటివాని జీతమెంతో నిస్సంకోచంగా అడిగే పెద్దమనిషి, తన పనికి తానే వెల చెప్పవలసి వచ్చేసరికి గొంతు సవరించుకొని "మీకు తోచింది ఇప్పించండి" అంటాడు. పురోహితుడూ అంతే, నాదస్వర విద్వాంసుడూ అంతే, ఇంటికి వచ్చి పిల్లలకు పాఠం చెప్పే పంతులూ అంతే. ఆ తరువాత, తోచినంత ఇచ్చినవాని పిసినారితనాన్ని జీవితాంతం తలచుకొని బాధపడతాడు. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత చెప్పేదీ మనమే. నోరు తెరచి అడిగినవానిని ఆశపోతు అనేదీ మనమే.

ఈ ద్వంద్వనీతిని గురించి ఆలోచించడానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ మన ఊళ్ళలోనిది కాదు. ఫార్ములా వన్ కారు పందేలలోనిది. అక్కడి అగ్రశ్రేణి డ్రైవర్లకూ వారిని నియమించుకొనే జట్లకూ నడుమ సాగే వేతనపు బేరసారాలు ఒక పెద్ద పురాణం. తెలుగు పండితునికి మోటారు పందేలతో ఏమి పని అని బ్లాగు మిత్రులు నవ్వుకోవచ్చు. రథం, సారథి, వేతనం అనేవి మన వాఙ్మయానికి కొత్తవేమీ కావు.

వ్యాసభారతంలోని నలోపాఖ్యానం గుర్తు చేసుకోండి. రాజ్యం పోగొట్టుకొని, రూపం మారి, బాహుకుడన్న పేరుతో నలుడు అయోధ్యకు వస్తాడు. ఋతుపర్ణ మహారాజు అతనిని అశ్వాధ్యక్షునిగా నియమిస్తూ పదివేల నాణెముల వేతనం నిర్ణయిస్తాడు. వార్ష్ణేయుడు, జీవలుడు అన్న ఇద్దరిని అతని చేతి క్రింద ఉంచుతాడు. వేతనమూ, దానితో పాటు సహాయక సిబ్బందీ! ఈనాటి డ్రైవరు ఒప్పందంలో ఉండే రెండు ముఖ్యాంశాలు అందులో ఉన్నాయి. తరువాత విదర్భకు వెళ్ళే దారిలో రాజు ఉత్తరీయం జారిపడుతుంది. ఆపుమని రాజు అనేసరికే అది యోజనం వెనుక ఉండిపోయిందని బాహుకుడు చెబుతాడు. అప్పుడు రాజుకు తాను ఎవరిని జీతానికి పెట్టుకొన్నాడో తెలిసివస్తుంది. అశ్వహృదయానికి అక్షహృదయం మారకం అవుతుంది. డబ్బుతో తూగనిదాన్ని విద్యతో తూచుకొన్నారు.

శల్యుని సంగతి వేరు. కర్ణునికి సారథ్యం చేయమంటే మొదట కోపగించి, చివరకు ఒక షరతు మీద ఒప్పుకొన్నాడు. తనకు తోచిన మాట అనే స్వేచ్ఛ ఉండాలన్నాడు. దుర్యోధనుడూ కర్ణుడూ అంగీకరించారు. ఆ ఒక్క షరతు కర్ణుని ఎంత కాల్చిందో మనకు తెలుసు. వేతనం కన్న షరతు ప్రమాదకరమని చెప్పడానికి ఇంతకు మించిన కథ లేదు.

ఇక ఈనాటి రథాల సంగతికి వద్దాం.

ఫార్ములా వన్ ఒప్పందాలు రహస్యపత్రాలు. అందుచేత బయటికి వచ్చే అంకెలన్నీ అంచనాలే. ఫోర్బ్స్ పత్రిక 2024 సంవత్సరానికి వేసిన లెక్కలో మాక్స్ వెర్స్టాపెన్ జీతమూ బహుమానాలూ కలిపి సుమారు 75 మిలియను డాలర్లు, లూయిస్ హామిల్టన్ ఆర్జన సుమారు 57 మిలియను డాలర్లు. మొదటిది మన రూపాయలలో ఆరువందల కోట్లకు పైమాట. ఆ ఏడు జరిగిన పందేలు 24. దీని ప్రక్కన మరొక అంకె పెట్టి చూడండి. జట్లు కారు తయారీకీ నిర్వహణకూ చేసే వ్యయానికి 2021లో ఒక పరిమితి విధించారు. ఆ ఏటి మూల పరిమితి 145 మిలియను డాలర్లు. 2023 నాటికి దానిని 135 మిలియన్లకు తగ్గించారు. ధరల పెరుగుదలకూ పందేల సంఖ్యకూ చేసే సర్దుబాట్లు వేరు. డ్రైవర్ల వేతనాలూ, జట్టులో అత్యధిక జీతం తీసుకొనే ముగ్గురు అధికారుల జీతాలూ మాత్రం ఆ పరిమితికి వెలుపల ఉంచారు. అంటే వందలమంది ఇంజనీర్లు, కమ్మరులు, లెక్కలవారు కలిసి చేసే మొత్తం పనికి హద్దు ఉంది. చక్రం ముందు కూర్చున్న ఒక్కనికి హద్దు లేదు. ఆ ఒక్కని ఆర్జన తక్కిన పనికి పెట్టిన మూల పరిమితిలో సగానికి మించినది కావచ్చు.

ఇది న్యాయమా? ఈ ప్రశ్నకు "ఛీ, ఇంత డబ్బా" అని ఒక్క మాటతో జవాబు చెప్పి లేచిపోవడం సులభం. అలా లేచిపోవడం నాకు ఇష్టం లేదు. ముందు ఆ బేరాలు ఎలా జరిగాయో చూద్దాం.

1988 సీజను కోసం ఐర్టన్ సెన్నా మెక్లారెన్ జట్టులో చేరడానికి ఆ జట్టు అధిపతి రాన్ డెనిస్తో మాట్లాడుతున్నాడు. ఇద్దరూ మొండివారే. చివరకు ఏడాదికి అర మిలియను డాలర్ల తేడా దగ్గర బేరం ఆగిపోయింది. ఎవరూ దిగరు. అప్పుడు డెనిస్ నాణెం ఎగురవేద్దామన్నాడు. అప్పటికి సెన్నాకు ఆంగ్లం అంతగా పట్టుబడలేదు. బొమ్మ-బొరుసు పద్ధతి ఏమిటో అతనికి బొమ్మ గీసి వివరించవలసి వచ్చిందట. నాణెం ఎగిరింది, డెనిస్ గెలిచాడు. ఒప్పందం మూడేండ్లది గనుక పోయినది అర మిలియను కాదు, ఒకటిన్నర మిలియను అన్న సంగతి ఆ క్షణంలో ఇద్దరికీ తట్టలేదని డెనిస్ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. 1988లో ఆ జట్టు 16 పందేలలో 15 గెలిచింది. సెన్నా జగజ్జేత అయ్యాడు.

ఈ కథను చెప్పేవారంతా వినోదంగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో మర్యాద కనబడుతుంది. ఇద్దరికీ అహంకారం అడ్డువచ్చినప్పుడు, ఎవరూ ఓడనక్కరలేకుండా దైవం మీద నెట్టివేయడం ఒక పెద్దమనిషి తరహా. అయితే గమనించండి. నాణెం ఎగురవేసే స్థితి రావడానికి ముందు ఇద్దరూ సమానులై ఉండాలి. యజమాని కాలి దగ్గర కూర్చున్న పనివానితో ఎవరూ నాణెం ఎగురవేయరు. ఆ నాణెం విలువ అర మిలియను కాదు. "నీవు లేక నాకు గడవదు, నేను లేక నీకు గడవదు" అన్న పరస్పర అంగీకారమే దాని విలువ.

అదే సెన్నా 1992లో మరొక బేరపు తీరును చూపాడు. ఆ ఏడు విలియమ్స్ కారు తక్కిన అన్నిటినీ వెనుకకు నెట్టింది. ఆ కారు కోసం తాను ఉచితంగానైనా నడుపుతానని సెన్నా బహిరంగంగా ప్రకటించాడు. ఆ కారులో అప్పటికే ఉన్నవాడు నైజెల్ మాన్సెల్. ఆ సంవత్సరం తొమ్మిది పందేలు గెలిచి, ఆగస్టులోనే హంగరీలో టైటిల్ ఖాయం చేసుకొన్నాడు. మరుసటి ఏటి ఒప్పందం గురించి మాన్సెల్‌కూ ఫ్రాంక్ విలియమ్స్‌కూ నడుమ మాటలు బెడిసికొట్టాయి. ఊరకే నడుపుతాననే సెన్నా వీధి గుమ్మంలో నిలిచి ఉండగా లోపల కూర్చున్న మాన్సెల్ మాటకు బరువెక్కడిది? సెప్టెంబరులో మోంజాలో విలేఖరుల సమావేశం పిలిచి తాను ఫార్ములా వన్ విడిచిపోతున్నానని చదివాడు. చదువుతుండగానే జట్టు మనిషి ఒకరు వచ్చి చెవిలో ఏదో రాజీ మాట చెప్పబోయాడు. ఆలస్యమయింది. మాన్సెల్ కాగితం చివరిదాకా చదివేశాడు. అమెరికా వెళ్ళి 1993లో అక్కడి ఇండీకారు టైటిల్ తొలి ప్రయత్నంలోనే గెలుచుకొన్నాడు.

సెన్నాకు మాత్రం ఆ కారు దక్కలేదు. 1993కు విలియమ్స్‌తో ముందే సంతకం చేసిన అలెన్ ప్రోస్ట్ తన ఒప్పందంలో సెన్నా తన ప్రక్కన ఉండరాదన్న షరతు పెట్టించుకొన్నాడు. ఉచితం కన్న షరతు బలమైనదని మరొక్కసారి తేలింది. దానితో సెన్నా మెక్లారెన్లోనే పందెం పందేనికి విడిగా కూలి మాట్లాడుకొన్నాడు. ఒక్కొక్కదానికి మిలియను డాలర్లని ఆనాటి పత్రికలు వ్రాశాయి. బలహీనమైన ఇంజనుతోనే ఆ ఏడు ఐదు పందేలు గెలిచాడు. ఒకే మనిషి ఒక చోట సున్నాకు సిద్ధం, మరొక చోట రోజుకూలీకి మిలియను. వేతనమంటే కేవలం డబ్బు కాదనడానికి ఇది చాలదా? సున్నాకు సిద్ధపడినప్పుడు అతడు అడిగింది గెలిచే అవకాశం. మిలియను అడిగినప్పుడు అడిగింది, ఆ అవకాశం లేనందుకు నష్టపరిహారం.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. "ఉచితంగా చేస్తాను" అన్నది వినడానికి త్యాగంలా ఉంటుంది. కాని ధనవంతుడు ఉచితంగా చేయడానికి వస్తే తోటివాని కూలి పడిపోతుంది. ఊరిలో ఒక శ్రీమంతుడు సరదాకు పాఠాలు చెబితే, దాని మీద బ్రతికే పంతులు వీధిన పడతాడు. సెన్నా ఎంత గొప్పవాడైనా ఆ ఒక్క ప్రకటన మాన్సెల్ పట్ల న్యాయమైనది కాదనే నా అభిప్రాయం.

తెలుగు పండితునిగా నాకు మిక్కిలి ఇష్టమైన ఉదంతం 1991 నాటిది. జోర్డాన్ జట్టు డ్రైవరు బెర్ట్రాండ్ గషో లండనులో ఒక టాక్సీ డ్రైవరుతో గొడవపడి కారాగారం పాలయ్యాడు. ఖాళీ అయిన ఆసనంలో బెల్జియం పందేనికి మైకేల్ షూమాకర్ అనే కుర్రవానిని కూర్చోబెట్టడానికి మెర్సిడెస్ సంస్థ జోర్డాన్ జట్టుకు లక్షా యాభై వేల డాలర్లు చెల్లించింది. దానికి ముందు ఎడీ జోర్డాన్ ఒక హామీపత్రం పంపాడు. పందెం తరువాత "ఆ ఒప్పందం" మీద షూమాకర్ సంతకం చేస్తాడని అందులోని భావం. సంతకం చేసి తిరిగి పంపిన పత్రంలో "ఆ ఒప్పందం" కాస్తా "ఒక ఒప్పందం" అయి కూర్చుంది. ఆంగ్లంలో ఒక చిన్న ఉపపదం మాత్రమే మారింది. ఆ ఒప్పందమైతే జోర్డాన్ వ్రాసిన షరతులన్నిటితో కట్టుబడినట్లు. ఒక ఒప్పందమైతే ఏదో ఒకటి, ఎన్నడో ఒకనాడు! తరువాతి పందేనికే షూమాకర్ బెనెటన్ జట్టులో ప్రత్యక్షమయ్యాడు. అక్కడ అతని కోసం ఖాళీ చేయించిన ఆసనం రాబర్టో మొరీనో అనే బ్రెజిల్ దేశస్థునిది. అతడు ఇటలీ న్యాయస్థానానికి వెళ్ళి ఆదేశం తెచ్చుకొని, చివరకు పరిహారం తీసుకొని తప్పుకొన్నాడు.

వ్యాకరణం వలన కూడు దొరుకుతుందా అని విద్యార్థులు అడిగేవారు. దొరకదేమో గాని, వ్యాకరణం తెలియకపోతే చేతిలోని షూమాకరు జారిపోతాడు. నిర్దేశక విశేషణానికి ఇంత వెల పలికిన సందర్భం మరొకటి ఉన్నట్లు నేను ఎరుగను.

ఆ గందరగోళం తరువాతే ఒప్పంద గుర్తింపు మండలి ఒకటి స్విట్జర్లాండులో ఏర్పడింది. ఏ డ్రైవరు ఏ జట్టుకు చెందినవాడన్న వివాదం వస్తే అక్కడ నమోదైన పత్రాలను చూచి న్యాయవాదులు తీర్పు చెబుతారు. 2022 ఆగస్టులో ఆల్పీన్ జట్టు ఆస్కర్ పియాస్ట్రి తమ డ్రైవరని ప్రకటించగా, నా అనుమతి లేకుండా ప్రకటించారు, నేను నడపబోవడం లేదని ఆ కుర్రవాడు అదే రోజు లోకానికి చాటాడు. సెప్టెంబరు 2న మండలి మెక్లారెన్ పత్రమే చెల్లుతుందని ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ఆల్పీన్ తనను పెంచిందన్న కృతజ్ఞత లేదని పియాస్ట్రిని నిందించినవారున్నారు. కృతజ్ఞత మంచి గుణమే. కాని దానిని ఒప్పందపత్రానికి బదులుగా వాడుకోవడం యజమానులకు అలవాటైన పాత ఉపాయం. కాగితం సమయానికి సిద్ధం చేయనివారు తరువాత ధర్మం గురించి ఉపన్యసించరాదు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక్కొక్కరు ఒంటరిగా చేసిన బేరాలు. అందరూ కలిసి నిలిచిన సందర్భం కూడా ఒకటుంది. నా దృష్టిలో ఈ మొత్తం పురాణంలో పసిడి అక్షరాలతో వ్రాయదగినది అదే. 1982 జనవరిలో దక్షిణాఫ్రికాలోని క్యాలామిలో సీజను తొలి పందెం. డ్రైవర్లందరికీ ఇచ్చే అనుమతి పత్రంలో అధికారులు ఒక క్రొత్త నిబంధన చేర్చారు. దాని ప్రకారం డ్రైవరు తన జట్టుకు మూడేండ్ల వరకు కట్టుబడిపోతాడు. జట్టు అనుమతి లేక మరొక చోట బేరమాడలేడు. నికి లాడా దానిలోని ఉరిత్రాటిని ముందుగా కనిపెట్టాడు. అతడూ, డిడియే పిరోనీ నాయకులై డ్రైవర్లను ఒక బస్సు ఎక్కించి జోహాన్నెస్‌బర్గు హోటలుకు తీసుకొనిపోయారు. ఒకే పెద్ద గదిలో పరుపులు పరచుకొని ఆ రాత్రి గడిపారు. జట్టు యజమానులు వచ్చి తలుపు తోస్తారని పియానోను అడ్డంగా పెట్టారు. ఎలియో డి ఏంజెలిస్ ఆ పియానో మీద సంగీతం వినిపించాడు. మరునాడు చర్చలకు హామీ దొరికాక తిరిగివెళ్ళి పందెంలో పాల్గొన్నారు. తరువాత జరిమానాలు పడ్డాయి. అయినా డ్రైవరు జట్టుకు కట్టుబానిస కాడన్న మాట మాత్రం నిలిచింది.

ఈనాటి డ్రైవరు కోట్లు అడుగగలుగుతున్నాడంటే దానికి మూలం ఆ రాత్రి. ఎందుకంటే వదలిపోయే హక్కు లేనివాడు బేరమాడలేడు, బ్రతిమాలగలడు, అంతే. ఆ గదిలో నేల మీద పడుకొన్నవారిలో కోటీశ్వరులున్నారు, అప్పులతో వచ్చినవారున్నారు. వారందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: తమ శరీరం తాము నడిపే కారులో ఉంటుంది, యజమాని శరీరం గోడ అవతల ఉంటుంది.

లాడా సంగతి వచ్చింది గనుక మరొకటి. 1976 ఆగస్టు 1న నూర్బర్గ్‌రింగులో కారు మంటలలో చిక్కి, ముఖం కాలి, ఊపిరితిత్తులు దెబ్బతిని, ఆరు వారాలలో మోంజాలో తిరిగి చక్రం పట్టిన మనిషి అతడు. 1979లో విరమించి 1982లో మెక్లారెన్ జట్టులోకి తిరిగి వచ్చేటప్పుడు పెద్ద మొత్తం అడిగాడు. ప్రాయోజకులు నోరు వెళ్ళబెడితే, కారు నడిపినందుకు ఒక్క డాలరు చాలు, తక్కినదంతా నా పేరుకు అన్నాడని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. హాస్యంగా అన్నా ఇది నిశితమైన లెక్క. జట్టు కొనేది నైపుణ్యాన్ని మాత్రమే కాదు, ఆ మనిషి వలన తమకు వచ్చే ప్రకటనల రాబడిని కూడా. ఆ రాబడిలో వాటా అడగడం దురాశ ఎలా అవుతుంది? అడగకపోతే ఆ డబ్బు అనాథాశ్రమానికి పోదు. యజమాని ఖాతాలోనే ఉంటుంది.

ఇక్కడిదాకా నేను అగ్రశ్రేణి డ్రైవర్ల పక్షం వహించాను. ఇప్పుడు నాణెం బొరుసు చూడాలి.

ఆ లాడాయే తొలి రోజులలో ఆసనం కొనుక్కోవలసి వచ్చింది. సంపన్న కుటుంబం చేయూత నిరాకరించగా, తన జీవితబీమాను పూచీగా పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చి మార్చ్ జట్టుకు కట్టాడు. ప్రాణాన్ని తాకట్టు పెట్టి ప్రాణాపాయం కొనుక్కొన్నాడన్నమాట! ఈ పద్ధతి ఆనాటితో పోలేదు. చిన్న జట్లలో ఆసనానికి ప్రాయోజకుల డబ్బు వెంటతెచ్చుకొన్నవారికి ప్రాధాన్యం ఉండడం దశాబ్దాలుగా నడుస్తున్నది. మన దేశం నుండి తొలిసారిగా ఫార్ములా వన్ చేరిన నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టుకు నడిపినప్పుడు, అతని వేగంతో పాటు అతని వెనుక నిలిచిన భారతీయ ప్రాయోజకులూ లెక్కలోకి వచ్చారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్కార్ల పందెం జరిగినప్పుడు అక్కడ గుమిగూడిన పిల్లలలో కొందరికైనా తామూ అలా నడపాలని కల కలిగి ఉంటుంది. ఆ కలకు మొదటి మెట్టు ప్రతిభ కాదు, తండ్రి ఖాతా. ఈ సంగతి వారికి ఎవరో ఒకరు చెప్పాలి.

జీతం వ్రాసి ఇచ్చి చెల్లించని పద్ధతి మరొకటి. కిమి రైకొనెన్ 2012, 2013 సంవత్సరాలలో లోటస్ జట్టుకు నడిపాడు. పందేలు గెలిచాడు, పాయింట్లు తెచ్చాడు. పాయింటుకు ఇంతని అదనపు బహుమానం అతని ఒప్పందంలో ఉందని పత్రికలు వ్రాశాయి. ఎన్ని పాయింట్లు తెస్తే జట్టు నెత్తిన అంత అప్పు! 2013 నవంబరులో అబుదాబి వచ్చి, ఆ ఏడు తనకు ఒక్క యూరో కూడా ముట్టలేదని బయటపెట్టాడు. చివరి రెండు పందేలు నడపకుండా వెన్నెముక శస్త్రచికిత్సకు వెళ్ళిపోయాడు. అంతటివానికే బకాయి పెట్టగలిగితే, అనామకుని గతి ఏమిటి?

ఈ సంగతి చదివినప్పుడు నాకు తెలిసిన కొందరు ఉపాధ్యాయులు గుర్తుకు వచ్చారు. ప్రైవేటు పాఠశాలలలో రిజిస్టరులో ఒక అంకెకు సంతకం చేసి, చేతికి మరొక అంకె తీసుకొన్నవారు వారు. నేనూ ప్రభుత్వోద్యోగంలో చేరకముందు అటువంటి ఒక చోట రెండేండ్లు సంతకం చేశాను. ఆ బల్ల దగ్గర బేరమన్నది లేదు. కలం మాత్రం ఉండేది. సర్కారు కొలువులో చేరాక వేతన సవరణ సంఘమూ, ఉపాధ్యాయ సంఘాలూ మా తరఫున మాట్లాడాయి. భాషాపండితులను స్కూలు అసిస్టెంట్లతో సమానంగా చూడమని ఆ సంఘాలు ఏండ్ల తరబడి అడిగాయి. ఒంటరిగా నేను అడిగి ఉంటే ఏ కార్యాలయంలోనూ నాకు కుర్చీ కూడా వేసేవారు కారు.

అందుచేత నా నిశ్చితాభిప్రాయం ఇది. బేరమాడడం పాపం కాదు. ఒక ప్రక్కవానికే బేరమాడే శక్తి ఉండడం పాపం.

2020 తరువాత డ్రైవర్ల వేతనాలకు కూడా గరిష్ఠ పరిమితి పెట్టాలన్న చర్చ లేచింది. వెర్స్టాపెన్ దానిని బాహాటంగా ఖండించాడు. క్రిందిస్థాయి కుర్రవాండ్ర మీద మదుపు పెట్టేవారు వారి భవిష్యత్ సంపాదనలో వాటా ఆశించే పెడతారనీ, పైన మూత బిగిస్తే క్రింద మదుపు ఆగిపోతుందనీ ఒక వాదన. ఆ వాదనలో నిజముంది. కాని అది వ్యవస్థను సమర్థించడం లేదు, దాని జబ్బును చెబుతున్నది. పదేండ్ల బాలుని రాబోయే సంపాదన తాకట్టు పడితేనే అతడు పైకి రాగలడంటే, ఆ నిచ్చెన మొదటి మెట్టే విరిగి ఉన్నదన్నమాట.

నేను కోరేది పైన మూత కాదు, క్రింద నేల. ఆసనానికి డ్రైవరు డబ్బు తేవలసిన పద్ధతి పోవాలి. అందరికీ ఒక కనీస వేతనం ఉండాలి. ఆ వేతనం చెల్లించని జట్టు పందేనికి అనర్హం కావాలి. కారు బరువు పావుకిలో తగ్గితే అనర్హమనే నిబంధనలు వ్రాయగలవారికి, జీతం బకాయి పెడితే అనర్హమని ఒక వాక్యం వ్రాయడం కష్టమా? ఆ నేల ఏర్పడ్డాక పైవాడు ఎంత అడిగినా నాకు అభ్యంతరం లేదు.

"మా ఊరి ఆర్టీసీ డ్రైవరు యాభైమంది ప్రాణాలు మోస్తాడు, అతనికెంత?" అని మీరు అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్న. వెల వేరు, విలువ వేరు. బస్సు డ్రైవరు విలువ వెర్స్టాపెన్ విలువకు ఆవగింజంత తక్కువ కాదు. అయితే వెర్స్టాపెన్ జీతం తగ్గితే ఆ డబ్బు బస్సు డ్రైవరుకు రాదు. అతనికి వచ్చేది అతని సంఘం గట్టిగా అడిగినప్పుడే.

అడిగేవాడు డబ్బు మాత్రమే అడగనక్కరలేదు కూడా. హామిల్టన్ ఏడు టైటిళ్ళు గెలిచాక 2020 డిసెంబరు చివరికి అతని ఒప్పందం ముగిసింది. మేనేజరు లేకుండా తానే మెర్సిడెస్‌తో మాట్లాడుకొన్నాడు. 2021 ఫిబ్రవరి 8న సంతకం చేసినది ఒక్క ఏడాదికే. దానితో పాటు, మోటారు క్రీడలలో అన్ని వర్గాలవారికీ చోటు కల్పించే ధర్మసంస్థ ఒకటి జట్టుతో కలిసి నెలకొల్పడానికి అంగీకారం కుదిరింది. తండ్రి ఒకటికి మించిన ఉద్యోగాలు చేసి తనను పైకి తెచ్చిన సంగతి మరువనివాడు, తన బలం శిఖరాన ఉన్నప్పుడు నిచ్చెన మొదటి మెట్టు గురించి మాట్లాడాడు. శల్యుడు పెట్టిన షరతు తనవానినే కూల్చింది; ఇతని షరతు తనకు తెలియనివారిని కూడా లేపగలదు.

చివరగా 1994 ఇమోలాను తలచుకోక తప్పదు. ఏప్రిల్ 30, శనివారం నాడు సిమ్‌టెక్ అనే చిన్న జట్టు కారు గోడకు కొట్టుకొని రోలండ్ రాట్సెన్‌బర్గర్ మరణించాడు. అతనిది ఐదు పందేల ఒప్పందం. ఆసనానికి డబ్బు సమకూర్చుకొని వచ్చినవాడు. అంతకుముందు ఒక్క పందెం మాత్రమే నడపగలిగాడు. మరునాడు, మే 1న, అదే మైదానంలో విలియమ్స్ కారు గోడను తాకి సెన్నా మరణించాడు. ఎంతో ఆశించిన ఆ విలియమ్స్ ఆసనం అతనికి ఆ ఏడే దక్కింది. అతని కారులో చుట్టిపెట్టిన ఆస్ట్రియా పతాకం దొరికింది. పందెం తరువాత రాట్సెన్‌బర్గర్ స్మృతికి ఎగురవేయాలని దాచుకొన్నాడు.

ఒకడు ఆ కాలంలో అత్యధిక వేతనం పొందినవారిలో ఒకడు. మరొకడు డబ్బు కట్టి నడిపినవాడు. కాంక్రీటు గోడ ఇద్దరి ఒప్పందపత్రాలనూ చదవలేదు. 1961లో పుట్టి, మధ్యలో మూతబడిన డ్రైవర్ల సంఘం ఆ ఘోరం తరువాతే మళ్ళీ ప్రాణం పోసుకొంది. అపాయం సమానమైనప్పుడు కనీస గౌరవమైనా సమానం కావాలని చెప్పడానికి ఇద్దరి ప్రాణాలు పోవలసి వచ్చింది.

కనుక మిత్రులారా, ఎవరైనా తన పనికి వెల అడిగితే వెంటనే ఆశపోతు అనకండి. అతని ప్రక్కన అడగలేక నిలబడినవాడు ఎవడో ఒక్కసారి చూడండి. మీలో సాఫ్టువేరు కొలువులలో ఉన్న కుర్రవారికి మరొక మాట: పత్రం మీద సంతకం చేసే ముందు "ఒక" అని ఉన్నదో "ఆ" అని ఉన్నదో చదువుకోండి. ముసలి పంతులు ఇవ్వగలిగిన సలహా అంతకు మించి లేదు.